మిడత కొండెక్కిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో నాన్న కుడి మోకాలి గురించి మాట్లాడుకున్నంతగా ఇంకే విషయం గురించీ మాట్లాడుకోలేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "నడవొచ్చు, మెట్లు తగ్గించండి. ఆ కారు మాత్రం ఇక వద్దు" అన్నాడు. నాన్న అతనితో వాదించలేదు. ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీసి, కారు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే "వస్తున్నా" అన్నాడు గానీ కదల్లేదు.

ఆ కారుని మేం మిడత అంటాం. దాన్ని చేసిన ఫ్యాక్టరీ అలాంటివి ఇరవైమూడు మాత్రమే చేసి మూతపడింది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. నాన్న చేతికి వచ్చేసరికి దానికి ఇంజినే లేదు. ఇంకో పెద్ద కారు ఇంజిను తెచ్చి అందులో ఇమిడ్చాడు. వెడల్పు చక్రాలు పట్టాలని వెనక రేకుల్ని సుత్తితో కొట్టి కొట్టి ఉబ్బించాడు. ముందు అద్దాన్ని సగానికి కోశాడు. ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే డయలుని కూడా వదల్లేదు. గేరు మార్చాల్సిన సమయానికి ముల్లు నిట్టనిలువుగా నిలబడేలా దాన్ని పక్కకి తిప్పి బిగించాడు. "అంకెలు చదివే తీరిక ఎవడికుంది? ముల్లు నిలబడిందా, గేరు మార్చెయ్" అనేవాడు.

అన్నిటికంటే వింతైనది మోకాలి మీట. ఎప్పుడో జాకీ జారి నాన్న ఎడమ చీలమండ బిగుసుకుపోయింది. ఆ కాలితో క్లచ్ తొక్కలేడు. అందుకని క్లచ్ పెడల్‌ని మొత్తానికే పీకేసి, కుడి మోకాలి పక్కన, తలుపు వైపున, తోలు మెత్త వేసిన ఒక ఇనుప మీట పెట్టాడు. మోకాలితో దాన్ని పక్కకి నెడితే క్లచ్ వదులుతుంది. బలం ఎక్కువ పెట్టనక్కర్లేకుండా ఇంజిను పీల్చే గాలితోనే సాయం పట్టేలా ఒక డబ్బా కూడా తగిలించాడు. ఆ కింద పాదం యాక్సిలరేటరు, బ్రేకు చూసుకుంటుంది. అంటే ఒక్క కాలే అన్ని పనులూ చేస్తుంది. పదేళ్లుగా ఏటా వేసవి ఆఖరి ఆదివారం, పాత బండ్ల క్లబ్బు వాళ్లు పెట్టే కొండ పరుగులో నాన్న దాన్ని అలాగే నడిపాడు. ఇప్పుడు డాక్టరు వద్దన్నది ఆ కాలినే.

"దానికేముంది, నేను నడుపుతాను" అన్నాడు అన్నయ్య.

అన్నయ్యకి డ్రైవింగ్ స్కూలుంది. ఊళ్లో సగంమంది స్టీరింగు పట్టడం అతని దగ్గరే నేర్చుకున్నారు. ఆ ధీమాతోనే వెళ్లి మిడతలో కూర్చున్నాడు. ఇంజిను గర్జించింది. అన్నయ్య ఎడమకాలు అలవాటుగా లేచి, లేని క్లచ్ మీద దబ్బున దిగింది. అక్కడ ఉన్నది ఉత్త రేకు. కారు ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. రెండోసారి ఎడమకాలిని సీటు కిందకి మడిచి పెట్టుకున్నాడు. అది ఊరుకుంటుందా? తొక్కడానికి ఏమీ దొరక్క వెళ్లి బ్రేకు తొక్కింది. మూడోసారి మిడత ముక్కు షెడ్డు తలుపుకి తగిలింది.

అన్నయ్య దిగేసరికి ముఖం కందగడ్డలా ఉంది. "ఇది కారా, సర్కస్సా? మనిషన్నవాడు నడపడానికేనా చేసింది?"

"నేను మనిషిని కాదా?" అన్నాడు నాన్న.

"అది కాదు నాన్నా. అసలు పెడళ్లు అటక మీద పెట్టెలో భద్రంగా ఉన్నాయిగా. ఆ మీట తీసేసి పాతవి బిగిద్దాం. అప్పుడు నేను నడుపుతాను. కారు తిరుగుతూ ఉంటుంది. ఇలా షెడ్డులో పడి తుప్పు పడితే నీకు బాగుంటుందా?"

అన్నయ్య చెడ్డగా ఏమీ చెప్పలేదు. నిజానికి నాన్న మీద ప్రేమతోనే అన్నాడు. కానీ నాన్న ముఖంలో రక్తం ఇంకిపోయింది. "అది తీసేస్తే ఇక ఇది ఆ ఇరవైమూడింట్లో ఒకటి. నేను చేసింది కాదు" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. "ఆయన ప్రాణం పెట్టి చేసినదాన్ని ఊడబెరుకుతానంటావా? నీకు చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకో. కారు మీదకి తొయ్యకు" అని అన్నయ్య మీదకి లేచాను.

"ఓహో! అయితే నువ్వు నడుపుతావా?"

పక్కనే ఉన్న వదిన కిసుక్కున నవ్వింది. ఆవిడ్ని అనాల్సిన పని లేదు. అన్నయ్య స్కూల్లో నా అంత మొద్దు శిష్యురాలు ఇంకొకరు చేరలేదు. లైసెన్సు మూడోసారికి వచ్చింది. వచ్చాక పదకొండేళ్లలో నేను కారు బయటికి తీసింది లేదు. నా ఎడమకాలు ఒట్టి సోమరిపోతు. క్లచ్ మీద పెడితే అక్కడే నిద్రపోతుంది.

నాన్న మాత్రం నవ్వలేదు. నా కాళ్ల వైపు చూస్తున్నాడు.

"నువ్వు ఎక్కు" అన్నాడు.

"నేనా? ఊరికే మాటకన్నాను నాన్నా."

"నోరు మూసుకుని ఎక్కమ్మా."

నా పని గురించి చెప్పాలి. షెడ్డు ముందు గదిలో కార్లకి, మోటారు సైకిళ్లకి సీట్లు కుడతాను. పెద్ద కరెంటు మిషను మీద ఇరవైరెండేళ్లుగా అదే పని. మిడత సీట్లూ నేను కుట్టినవే. అయినా డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. కాలు లోపలికి జాపగానే మోకాలు తనంతట తనే వెళ్లి తోలు మెత్తకి ఆనుకుంది. వెతుక్కోలేదు. నా మిషను కిందా సరిగ్గా అక్కడే ఒక మీట ఉంటుంది. పాదంతో మోటారు తొక్కుతూ, మోకాలితో ఆ మీట నెడితే రెక్సిన్‌ని నొక్కిపట్టే మిషను ఇనుప పాదం పైకి లేస్తుంది. రోజుకి ఎన్ని వందలసార్లు నెడతానో నాకే తెలీదు.

నేను తలెత్తి చూశాను. నాన్న కారు తలుపు మీద చేతులు ఆన్చి నిలబడి ఉన్నాడు.

"ఇది నా మిషను మీటలా ఉందే!"

"అదే. నిన్ను చూసే చేశాను. కాలు ఒకటి, పనులు రెండు. నువ్వు కుట్టుకుంటుంటే వెనకాల నిలబడి కొలతలు తీసుకున్నాను."

"ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదే?"

"నువ్వు అడిగావా?"

నేను తాళం తిప్పాను. మోకాలు పక్కకి నెట్టి, గేరు వేసి, మోకాలు మెల్లగా దగ్గరికి తీసుకున్నాను. మిడత ఒక్క కుదుపు కూడా లేకుండా షెడ్డులోంచి బయటికి జారింది. వీధి చివరిదాకా వెళ్లి, తిప్పుకుని, తలుపు ముందు తెచ్చి నిలబెట్టాను. వదిన ఆరేయబోతున్న తడి బట్ట చేతిలోనే ఉండిపోయింది.

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "వీధి చివరిదాకా ఎవరైనా వెళ్తారు. కొండ సంగతి వేరు. సరే, ఒక మాట. ఆఖరి ఆదివారం దీన్ని ఎనిమిది నిమిషాల్లోపు పైకి ఎక్కించు. ఇక జన్మలో ఈ మీట జోలికి రాను. ఎక్కించలేకపోతే మర్నాడే పెడళ్లు బిగించేస్తాను. నాన్నా, సరేనా?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. తర్వాత ఆ రాత్రంతా ఎందుకు ఊపానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

అప్పటికి ఆదివారానికి అయిదు వారాలుంది.

రోజూ తెల్లవారగానే అన్నయ్య స్కూలు మైదానంలో ఖాళీ డ్రమ్ములు పెట్టి వాటి చుట్టూ తిప్పించేవాడు నాన్న. కట్టుకట్టిన మోకాలిని ఇంకో కుర్చీ మీద జాపుకుని, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని అరిచేవాడు. తిన్నగా వెళ్లడం నాలుగు రోజుల్లో వచ్చేసింది. గేర్లు వారానికి వచ్చాయి. ముల్లు నిలబడుతుంది, మోకాలు వెళ్తుంది, చెయ్యి కదులుతుంది, మోకాలు వస్తుంది. అంతే. మిడత అప్పుడు నన్ను సీటుకి అదిమిపెట్టి ఎగబడుతుంటే, నలభై దాటిన దాన్నన్న మాట మర్చిపోయి కేక పెట్టేదాన్ని.

మలుపు దగ్గరే వచ్చింది తంటా.

డ్రమ్ము చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే నా మోకాలు పక్కకి వెళ్లిపోయేది. క్లచ్ వదిలేసేది. ఇంజిను ఒక్కసారి అరిచి ఊరుకునేది. లాగేది ఏమీ లేక కారు ఉసూరుమంటూ జారి, మలుపు సగంలోనే చల్లబడిపోయేది.

"మోకాలు ఎందుకు నెట్టావ్?" అని అక్కణ్నించే అరిచేవాడు నాన్న.

"నేను నెట్టలేదు!"

"మరి నేను నెట్టానా?"

మళ్లీ తిరిగేదాన్ని. మళ్లీ అదే వరస. నాకు తెలియకుండానే జరిగిపోయేది. మీటకీ మోకాలికీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. మోకాలికి గుడ్డ కట్టి సీటుకి బిగించి చూశాను. గేరు మార్చడానికీ కదల్లేక మైదానం గోడ దాకా పోయి ఆగాను. రెండు వారాలు ఇదే వరస. నాన్న గొంతు బొంగురుపోయింది, నా తల ప్రాణం తోకకొచ్చింది. అన్నయ్య శిష్యులందరూ తమ పాఠాలు మానేసి గోడెక్కి నన్ను చూస్తూ కూర్చునేవాళ్లు. ఒకరోజు అన్నయ్యే దగ్గరికొచ్చి, మెత్తగా, "పోనీలేవే. ఇంత దూరం వచ్చావు, చాలు. దెబ్బలు తగిలించుకోకు" అన్నాడు. అతను వెక్కిరించినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ సాయంత్రం అటక మీంచి పెడళ్ల పెట్టె దింపిన చప్పుడు వినిపించింది.

ఇక తొమ్మిది రోజులుందనగా, మోటారు సైకిలు సీటు ఒకటి అర్జంటుగా కావాలంటే కుట్టడానికి కూర్చున్నాను. ముందు వైపు చదరంగా, వెనక వైపు గుండ్రంగా ఉండే సీటు అది. నాన్న కర్ర ఆనించుకుని వచ్చి నా వెనకాల స్టూలు మీద కూర్చున్నాడు. నేను కుడుతున్నాను. చదరపు మూల వచ్చింది. సూది దింపి ఆపాను, మోకాలు నెట్టాను, పాదం లేచింది, రెక్సిన్‌ని తిప్పాను, పాదం దించాను, మళ్లీ కుట్టాను. ఇంకో మూల వచ్చింది. అలాగే చేశాను. తర్వాత వెనక గుండ్రం మొదలైంది. అటు చివర నుంచి ఇటు చివరికి ఆపకుండా కుట్టేశాను.

"అక్కడ మోకాలు నెట్టలేదేం?" అన్నాడు నాన్న.

"ఎక్కడ?"

"ఆ వంపు దగ్గర."

"అది మూల కాదుగా నాన్నా, గుండ్రం. గుండ్రం మధ్యలో పాదం ఎత్తితే కుట్టు ముడత పడుతుంది. వేగం తగ్గించుకుని, నొక్కిపట్టే ఉంచి, చేత్తో తిప్పుకుంటూ పోవాలి."

నాన్న ముందుకి వంగి ఆ వంపు కుట్టు మీద వేలు జరిపాడు.

"మరి కొండ మీద మూలలెక్కడున్నాయే?" అన్నాడు.

మిషను ఆపేశాను. ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఇన్నాళ్లూ నా మోకాలు ప్రతి మలుపునీ మూల అనుకుంది. ఆ సీటు అలాగే వదిలేసి, చేతులకంటిన జిగురు కూడా కడుక్కోకుండా, మిడత తీసుకుని మైదానానికి వెళ్లాం. పాఠాలు అయిపోయి ఎవరూ లేరు. మొదటి డ్రమ్ముకి ముందే బ్రేకు నొక్కి, మోకాలు నెట్టి కింది గేరుకి దిగి, మోకాలు దగ్గరికి తెచ్చేసుకున్నాను. ఇక అక్కణ్నించి గుండ్రమే అనుకున్నాను. పైకే అనుకున్నాను, గట్టిగా. మోకాలు ఒక్కసారి వణికింది గానీ కదల్లేదు. మిడత తోక కొద్దిగా బయటికి జారి, డ్రమ్ము చుట్టూ ఒక్క ఊపున తిరిగి, అవతలికి రివ్వున దూసుకుపోయింది.

వెనక్కి వచ్చేసరికి నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. కర్ర కింద పడి ఉంది.

ఆదివారం పొద్దున కొండ కింద ముప్పై పాత కార్లు వరసగా నిలబడ్డాయి. తుడిచి తుడిచి అద్దాల్లా ఉన్నాయన్నీ. క్లబ్బు సెక్రటరీ పళ్ల డాక్టరు. ఫ్యాక్టరీ బిగించిన బోల్టు తప్ప ఇంకోటి కనిపిస్తే ఆయనకి పిప్పిపన్ను కనిపించినట్టే. మిడత చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఈసారి మేస్త్రిగారు కాకుండా సీట్లు కుట్టే అమ్మాయి నడుపుతోందన్నమాట. బాగుంది, బాగుంది" అని నవ్వాడు.

"మీ కారు సీటు చినిగితే తీసుకురండి డాక్టరుగారూ. ఇవాళ మాత్రం తీరిక లేదు" అన్నాను. వదిన నా వీపు మీద ఒకటి చరిచింది, మెచ్చుకోలుగానే.

నాన్ననీ వదిననీ ఎక్కించుకుని అన్నయ్య ముందే కొండ పైకి వెళ్లిపోయాడు. నాన్న వెళ్లేముందు జాగ్రత్తలేవీ చెప్పలేదు. బానెట్‌ని పట్టి ఉంచే తోలు పట్టీని లాగి చూసి, ఇంకో రంధ్రం బిగించి, వెళ్లిపోయాడు.

ఏడు కిలోమీటర్లు, పదమూడు మలుపులు. కింద జెండా ఊగిన క్షణమే పైన వాచీలు నొక్కేలా వైర్‌లెస్ సెట్లు పెట్టారు. జెండా ఊగింది.

మొదటి మలుపు దాకా నాకు ఏదీ సరిగ్గా గుర్తులేదు. గుండె చప్పుడూ ఇంజిను చప్పుడూ కలిసిపోయాయి. సగం కోసిన అద్దం మీంచి గాలి నేరుగా ముఖాన్ని కొడుతోంది. ముల్లు నిలబడింది, మార్చాను. మళ్లీ నిలబడింది, మార్చాను. మలుపు ఎదురొచ్చింది. బ్రేకు, మోకాలు, కింది గేరు, మోకాలు దగ్గరికి. "గుండ్రం" అన్నాను. మిడత తిరిగింది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఖాళీ ఆకాశం. రెండింటి మధ్యలో సన్నటి తారు పట్టీ, దాని అంచు పట్టుకుని నేను.

నాలుగో మలుపు దాటాక భయం పోయింది. ఎక్కడ పోయిందో తెలీదు, వెతకలేదు. స్టీరింగు వేళ్లలోకి రోడ్డంతా వచ్చేస్తోంది. ఎక్కడ గరుగ్గా ఉందో, ఎక్కడ నున్నగా ఉందో తెలిసిపోతోంది. వెనక చక్రాలు ఎప్పుడు జారతాయో అవి జారకముందే నా నడుముకి తెలిసిపోతోంది. ఇరవైరెండేళ్లు కూర్చుని పనిచేసినదాన్ని. కూర్చున్నచోటి నుంచే ఇంత దూరం పోవచ్చని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. నవ్వొచ్చింది. నోరు తెరిస్తే గాలి గొంతులోకి వెళ్లింది.

తొమ్మిదో మలుపులో నా ముందు వెళ్లిన కారేదో నూనె కార్చుకుంటూ పోయింది. నల్లటి మరక కనిపించేసరికి అప్పటికే దాని మీద ఉన్నాను. తోక విసురుగా బయటికి పోయింది. ఎదురుగా రోడ్డు బదులు లోయ కనిపించింది. నా మోకాలు పాత బుద్ధి మానక మెత్త దాకా వెళ్లింది. తగిలింది కూడా. అక్కడే ఆపాను. దాన్ని వెనక్కి లాక్కుని, పాదం ఎత్తకుండా, నొక్కిపట్టే ఉంచి, చేతులు మాత్రం ఎదురు తిప్పాను. చక్రాలు పొడి తారు అందుకున్నాయి. మిడత తల విదిలించి తిన్నగా నిలబడింది. అప్పుడు నేను దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ తర్వాత నాలుగు మలుపులూ కుట్టినట్టే వచ్చాయి. చివరి ఎత్తులో ముల్లు నిలబడినా గేరు మార్చలేదు, అలాగే లాగించి గీత దాటించాను.

కారు ఆపాను. అందరూ చుట్టూ మూగారు. వాళ్ల మధ్యలోంచి నాన్న దారి చేసుకుంటూ వచ్చాడు. చేతిలో తన స్టాప్‌వాచీ. దాన్ని చూశాడు. టైము రాసుకునే క్లబ్బు మనిషి చేతిలో ఉన్నదీ లాక్కుని చూశాడు. రెండూ ఒకటే చెప్పాయి: ఏడు నిమిషాల పది సెకన్లు.

"నా మంచి టైము ఏడు పధ్నాలుగు" అన్నాడు నాన్న, ఎవరితో అంటున్నాడో తెలీకుండా. "నాలుగు సెకన్లు. నన్ను నాలుగు సెకన్లు దాటేసింది చూడండి!" ఫిర్యాదు చేస్తున్నట్టే అన్నాడు. కానీ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆ రోజంతా కొండ మీద కనబడ్డ ప్రతివాడికీ అదే మాట చెప్పాడు. పళ్ల డాక్టరుకి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి ఆ డాక్టరు మిడత పక్కన గొంతుక్కూర్చుని, మీట ఎలా పనిచేస్తుందో అడిగి చెప్పించుకున్నాడు.

అన్నయ్య మాత్రం దూరంగా నిలబడ్డాడు. జనం పలచబడ్డాక వచ్చాడు. తలుపు తీసి, వంగి, తోలు మెత్త మీద చెయ్యి పెట్టాడు. దాన్ని పక్కకి నెట్టి చూశాడు, వదిలాడు. మళ్లీ నెట్టాడు.

"నాకు నేర్పుతావా?" అన్నాడు.

ఎన్నో అందామనుకున్నాను. అయిదు వారాలుగా కూడబెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి. కానీ మా అన్నయ్య, వేలమందికి కార్లు నేర్పినవాడు, నా ముందు అలా వంగి ఉంటే ఒక్కటీ నోటికి రాలేదు.

"రేపు ఎనిమిదింటికి రా. ఆలస్యమైతే క్లాసు లేదు" అన్నాను.

ఏడు ముప్పావుకే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేరుగా మిడత వైపు వెళ్లబోతుంటే చెయ్యి పట్టి ముందు గదిలోకి తీసుకొచ్చి మిషను ముందు కూర్చోబెట్టాను. రెక్సిన్ ముక్కల గుట్ట ఒకటి పక్కన పెట్టాను. మొదటి కుట్టు పాము పాకినట్టు పోయింది. రెండోది అసలు రెక్సిన్ మీదే పడలేదు. వెనకాల స్టూలు మీద నాన్న "మోకాలు! మోకాలు!" అని అరుస్తుంటే, గుమ్మంలో వదిన పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అన్నయ్య చెమటలు కక్కుకుంటూ, నాలుక బయటపెట్టి, మూడో ముక్క అందుకున్నాడు.

వారం రోజులు కుట్టించాకే కారు తాళం చేతికిచ్చాను.